బావ పడిన పద్నాలుగు సార్లు

నవంబర్ 3, 2010, బుధవారం

పొద్దున్నే నోరీన్ వచ్చింది. మా చెల్లెలు నా ఇంటి గడప తొక్కిందంటే రెండే కారణాలు. ఎవరైనా చచ్చి ఉండాలి, లేదా నాతో పని పడి ఉండాలి. ఎవరూ చావలేదు.

"అన్నయ్యా, ఆయన తల మీద ఎన్నిసార్లు పడ్డాడో నీకు తప్ప ఇంకెవరికీ తెలీదు. రాసివ్వు," అంది.

"నాకెక్కడ గుర్తుంటాయే? జీనులు తుడుచుకునేవాణ్ణి. చరిత్రలు రాసేవాణ్ణా?"

"పందొమ్మిదేళ్ళు తూకం గదిలో ఆయన బూట్లు లాగింది నువ్వే. ఆయన మర్చిపోయాడు సరే, నువ్వు మర్చిపోతే ఎలా?"

ఆయనంటే డోనీ. నా బావ, ఒకప్పుడు పందెం జాకీ. జాకీలు తూగి బట్టలు మార్చుకునే తూకం గదిలో వాళ్ళ జీనులూ బూట్లూ చూసుకునే పని నాది. నలభై ఏడేళ్ళకే మతి పోయింది. మొన్న నోరీన్‌ని చూసి, "మా ఆవిడ వచ్చే వేళైంది, మీరిక బయల్దేరండమ్మా" అన్నాడట. నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. లేకపోతే టీ కప్పు నా నెత్తిన పగిలేది.

గోబ్నెట్ హౌస్‌లో ఒక గది ఖాళీ అయింది. పందేల్లో దెబ్బతిన్న జాకీల కోసం ట్రస్టువాళ్ళు నడిపే ఇల్లు. కిటికీ తీస్తే గుర్రాలను పరిగెత్తించే మైదానం కనిపిస్తుంది. అయితే గది ఇవ్వాలంటే మనిషి పాడైంది పందెంలో తగిలిన దెబ్బ వల్లే అయ్యుండాలి. పందేల దగ్గర డాక్టర్ రాసే పుస్తకంలో డోనీ తలకి మూడే దెబ్బలున్నాయి. మూడు దెబ్బలకి మనిషి ఇలా అవడు, ఇది తాగుడు చేసిన పని అని కమిటీ తేల్చింది. నోరీన్ పోట్లాడితే డిసెంబర్ పద్నాలుగున ఇంకోసారి వింటామన్నారు. అప్పుడూ కాదంటే జిల్లా ఆస్పత్రి పాత వార్డే గతి. అక్కడ తలుపులకి గడియ బయటివైపు ఉంటుంది.

"తాగాడు, నేను కాదనను," అంది నోరీన్. "కానీ పడ్డాడు కూడా కదా అన్నయ్యా."

రాస్తానన్నాను. బావ కోసం ఆ మాత్రం చెయ్యనా.

నవంబర్ 4

కొత్త పెన్ను కొన్నాను.

నవంబర్ 8

మొదటి మూడూ రాశాను. పుస్తకంలో ఉన్నవే కాబట్టి చెయ్యి బాగా ఆడింది.

ఒకటి. 1985, మూడో కంచె. గుర్రం దూకాల్సిన చోట దూకకుండా ఆలోచించింది. బావ ఒక్కడే దూకాడు.

రెండు. 1987, నీళ్ళ గుంట దగ్గర. ముందు పన్ను అక్కడే ఉండిపోయింది. తర్వాత ఆ రేస్ కోర్సుకి వెళ్ళినప్పుడల్లా, "నీ పన్ను మొలకెత్తిందేమో చూసి రా బావా" అనేవాణ్ణి. ఒకసారి నిజంగానే చూసొచ్చాడు.

మూడు. 1990. పడ్డాక వెనకొచ్చిన గుర్రం తొక్కింది. హెల్మెట్ గుమ్మడికాయలా రెండు చెక్కలైంది. దాన్ని ఇంటికి తెచ్చి అందులో ఉల్లికాడలు నాటాను. బాగా ఎదిగాయి.

పందొమ్మిదేళ్ళలో రెండువేల తొమ్మిది వందల చిల్లర స్వారీలు. నూట అరవై మూడు గెలుపులు. అంటే పద్దెనిమిదిసార్లు ఎక్కితే ఒకసారి ముందొచ్చాడు. మిగతా పదిహేడుసార్లు ఎవడి గుర్రం తోకనో చూస్తూ వచ్చాడు, లేదా అంబులెన్సులో వచ్చాడు. ఏ జాకీ ఎక్కనన్న గుర్రం డోనీకి. పొద్దున ట్రైనర్ ఫోన్ చేసేవాడు: "డోనీ, ఒకటుంది, కాస్త తుంటరిది." తుంటరి అంటే మనిషిని చంపేదని అర్థం. బావ ఎన్నడూ కాదనలేదు. కాదంటే రేపు ఫోన్ మోగదు.

తిండి? ఉడికించిన గుడ్డు సగం పొద్దున, సగం సాయంత్రం. ఎముకలు పెద్దవి, ఒళ్ళు దించడం కష్టం. ప్లాస్టిక్ సంచీలు తొడుక్కుని, జూలై ఎండలో కారు అద్దాలు బిగించి, హీటర్ వేసుకుని వచ్చేవాడు. తూకం యంత్రం ఎక్కి నిలబడితే నేను వెనక నుంచి కాలి బొటనవేలు ఆనించేవాణ్ణి. రెండు పౌన్లు ఎక్కువ చూపించేది. పాపం, మళ్ళీ వెళ్ళి వేడినీళ్ళ తొట్టిలో కూర్చునేవాడు. గదంతా నవ్వి నవ్వి చచ్చేది. బావని ఆటపట్టించకపోతే ఇంకెవర్ని ఆటపట్టిస్తాం?

నవంబర్ 9

రాయలేదు. జీను పట్టీలు కుట్టాల్సినవి ఉన్నాయి.

నవంబర్ 17

నాలుగోది.

1991 అక్టోబర్. చివరి నుంచి రెండో కంచె. లేచాడు, నడిచాడు, బాగానే ఉన్నాడనుకున్నాను. చూస్తే ఆడవాళ్ళ మరుగుదొడ్డి వరసలో నిలబడి ఉన్నాడు, జీను చంకలో పెట్టుకుని, తన వంతు కోసం. చెయ్యి పట్టి లాక్కొచ్చాను. "ఇది ఏ ఊరు బావా?" అన్నాడు.

ఇంకో రెండు స్వారీలున్నాయి. అందులో ఒకటి కచ్చితంగా గెలిచే గుర్రం. బావకి అలాంటిది ఏడాదికి ఒకటి దొరికితే గొప్ప. తలకి దెబ్బని డాక్టర్ పుస్తకంలో రాశాడంటే ఇరవై ఒక్క రోజులు ఇంట్లో కూర్చోవాలి. ఈలోగా గుర్రం ఇంకోడి కిందకి పోతుంది. పోయిన గుర్రం తిరిగి రాదు. "నన్ను కాపాడు బావా" అన్నాడు.

డాక్టర్ టూహీ వస్తున్నాడు. గుర్రాల కాళ్ళకి రాయడానికి నా దగ్గర ఎప్పుడూ విస్కీ ఉంటుంది. ఒక చుక్క బావ కాలరుకి పూశాను.

"తలకేం కాలేదు డాక్టర్ గారూ. రాత్రి మా చిన్నాన్న దినం. బావకి కొంచెం ఎక్కువైంది."

టూహీ వాసన చూశాడు. నవ్వాడు. "చిన్నాన్న బాగా బతికుంటాడు," అన్నాడు. "నీళ్ళు తాగించు. గుర్రం మాత్రం తాగి లేదుగా?"

మా గదిలో పద్ధతి అది. తల దెబ్బ పుస్తకంలోకి ఎక్కుతుంది. తాగుడు నవ్వులోకి పోతుంది. నవ్వులోకి పోయినదాన్ని ఎవరూ రాయరు.

ఆ మధ్యాహ్నం బావ గెలిచాడు. అది కూడా జాబితాలో రాయమంటే రాస్తాను.

ఇందులో అసలు తమాషా ఏమిటంటే డోనీ పుట్టి బుద్ధెరిగి మందు ముట్టలేదు. వాళ్ళ నాన్న తాగి కాలవలో పడి పోయాడు. పద్నాలుగో ఏట చర్చిలో ఒట్టు వేసుకున్నాడు. ఒట్టువేసినవాళ్ళు కోటుకి పెట్టుకునే బిళ్ళ ఉంటుంది, దాన్ని పెళ్ళి కోటుకి కూడా పెట్టుకున్నాడు. ఊళ్ళో తాగని మగాడు ఫాదరూ డోనీ ఇద్దరే అనేవాళ్ళు. ఫాదర్ సంగతి నాకు తెలుసు కాబట్టి ఒక్కడే.

నవంబర్ 18

"కాపాడు బావా" అనలేదు. అంటే నోటితో అనలేదు. ఊరి పేరే తెలీని మనిషి ఏమంటాడు? కళ్ళతో అడిగాడు. నాకు అర్థమైంది.

నవంబర్ 25

బావని చూడ్డానికి వెళ్ళాను. సోఫా చేతి మీద ఎక్కి కూర్చున్నాడు, మోకాళ్ళు ముడుచుకుని, రెండు చేతులూ పగ్గాలు పట్టినట్టు ముందుకు చాచి. పొద్దుటి నుంచీ అలాగేనట. నోరీన్ అతని చుట్టూ చీపురుతో ఊడుస్తోంది.

"ఎంత తూగాను బావా?" అన్నాడు.

"పది స్టోన్ల మూడు పౌన్లు."

"ఒకటి ఎక్కువ. నోరీన్‌కి చెప్పకు, బంగాళాదుంప తిన్నాను."

"చెప్పను."

నోరీన్ బకెట్టు తీసుకుని వెనక్కి వెళ్ళేదాకా ఆగాడు. నా చెవి దగ్గరికి వంగాడు. "మానేశాను బావా. ఏడేళ్ళయింది. ఎక్కడ తాగేవాణ్ణో, ఎవరితో తాగేవాణ్ణో ఒక్కటీ గుర్తు లేదు. రుచి కూడా గుర్తు లేదు. చూడు, అంత ఘోరంగా తాగేవాణ్ణన్నమాట."

"అంత ఘోరమేం కాదులే."

"నువ్వలాగే అంటావు. నువ్వు లేకపోతే నన్ను ఎప్పుడో ఇంటికి పంపేసేవాళ్ళు."

నేనేమన్నాను? "ప్యాంటు గుండీ ఊడింది, చూసుకో" అన్నాను. చూసుకున్నాడు. ఊడలేదు. ఇద్దరం నవ్వుకున్నాం. బావ నాకంటే ఎక్కువసేపు నవ్వాడు.

డిసెంబర్ 2

ఐదు నుంచి ఎనిమిది దాకా రాశాను. అన్నీ ఒకటే. పడ్డాడు, లేచాడు, నేను చెప్పాను, టూహీ నవ్వాడు. నాలుగోసారికి నేను చెప్పక్కర్లేకపోయింది. డోనీ తూలుతూ వస్తే టూహీయే, "ఇవాళ ఎవరి దినం?" అనేవాడు.

తొమ్మిదోది ఏ పుస్తకంలోనూ ఉండే వీల్లేదు. అది పందెం కాదు, పొద్దుటి తాలీము. బూడిద రంగు ఆడగుర్రం, కంచె చూస్తే వణికేది. దానికి దూకడం నేర్పింది బావ. రెండు శీతాకాలాలు, తెల్లారకుండా లేచి, జీతం లేదు, టీ నీళ్ళు లేవు. పెద్ద పందెం రోజు దాని మీద నువ్వే ఎక్కుతావన్నాడు ట్రైనర్. ఆ తాలీములోనే ఒకసారి అది బావని తలకిందులుగా గోడకేసి కొట్టింది. వారం రోజులు ఎడమ బూటు కుడి కాలికి తొడుక్కున్నాడు.

పెద్ద పందెం రోజు వచ్చింది. యజమాని పేరున్న జాకీని పెట్టుకున్నాడు. ట్రైనర్ బావకి ఆ సంగతి చెప్పలేదు, పేపర్లో చూసుకున్నాడు. చివరి కంచె దగ్గర కంపలు సర్దే కూలీల పక్కన నిలబడి చూశాడు. గుర్రం గెలిచింది. అది కంచె దాటుతుంటే బావ కూడా గాల్లో మడమలు ఎత్తాడని కూలీలు చెప్పారు.

నేనేం చేశానంటే, గెలిచిన జాకీ టోపీ తెచ్చి బావ కోటు తగిలించే కొక్కేనికి తగిలించాను. అందరూ నవ్వారు. బావ దాన్ని తీసి, బురద దులిపి, దాని చోట పెట్టాడు. నవ్వు మధ్యలో ఆగిపోయింది. ఆటపట్టిస్తే ఆడాలి కదా మనిషి.

డిసెంబర్ 6

సీసా సంగతి జాబితాలో రాయను. అడిగింది పడ్డవి. సీసా పడలేదు.

1996 జనవరి. పదోసారి పడ్డాడు. టూహీ ఆ రోజు ఎందుకో టార్చి వేసి కళ్ళలోకి చూస్తున్నాడు. కాలరు వాసనకి లొంగేలా లేడు. "సంచీ చూడండి డాక్టర్ గారూ" అన్నాను. అంతకు ముందే ఖాళీ విస్కీ సీసా ఒకటి బావ సంచీలో పెట్టాను. టూహీ చూశాడు, టార్చి ఆర్పాడు.

సీసా తియ్యడం మర్చిపోయాను. అంతే. మర్చిపోయాను. బట్టలుతకడానికి నోరీన్ సంచీ తెరిచింది.

కోటు మీది బిళ్ళ పీకి పొయ్యిలో పడేసింది. బావ వాళ్ళమ్మ మీద ఒట్టేశాడు, నేను తాగలేదని. నిన్న సాయంత్రం ఎక్కడున్నావు అంది. ఎక్కడున్నాడో అతనికే తెలీదు. ఆ చలికాలమంతా వాళ్ళమ్మ దగ్గరే పడుకున్నాడు.

నోరీన్ నా దగ్గరికొచ్చింది. "అన్నయ్యా, నీ మాట నమ్ముతాను. తాగుతున్నాడా?"

నిజం చెబితే దెబ్బల సంగతి చెప్పాలి. దెబ్బల సంగతి చెబితే స్వారీ మానిపిస్తుంది. స్వారీ మానిపిస్తే బావ ఏమైపోతాడు? అందుకని, "మగాడన్నాక అప్పుడప్పుడూ" అన్నాను.

తర్వాత బావే నమ్మేశాడు. సాయంత్రాలు గుర్తుండట్లేదు, తలనొప్పి, వాంతులు, పెళ్ళాం చెప్తోంది, డాక్టర్ చెప్తున్నాడు, గదంతా చెప్తోంది. తాగుతూనే ఉండి ఉంటాననుకున్నాడు. స్వారీ మానేశాక, 2003లో, చర్చి కింది గదిలో తాగుడు మానేవాళ్ళ సభకి పోవడం మొదలెట్టాడు. మొదటిరోజు నేనే కార్లో దింపాను. లేచి నిలబడి, "నా పేరు డోనీ, నేను తాగుబోతుని" అన్నాడు. దగ్గు వచ్చినట్టు నటిస్తూ బయటికి పరిగెత్తాను. వాకిట్లో గోడ పట్టుకుని కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాను. ఆ రోజుకి అదే ప్రపంచంలో అన్నింటికన్నా పెద్ద తమాషా అనిపించింది.

ఏడాది నిండాక వాళ్ళు పతకం ఇచ్చారు. ముట్టనిదాన్ని మానేసినందుకు పతకం. నేనూ చప్పట్లు కొట్టాను.

డిసెంబర్ 10

పద్నాలుగూ అయ్యాయి. మంచి దస్తూరీతో తిరగరాశాను. తేదీ, కోర్సు, గుర్రం, ఏ కంచె. కింద సంతకం పెట్టలేదు.

పెడితే అడుగుతారు, నువ్వు చూశావుగా, డాక్టర్‌కి ఏం చెప్పావు అని. ఇప్పుడు నా చేతి కింద ఎనిమిది మంది జాకీలున్నారు. వాళ్ళ జీనులు, బూట్లు, చొక్కాలు నావే. సంతకం పెట్టానంటే లైసెన్సు పోతుంది, మర్నాటి నుంచి తూకం గది గడప తొక్కనివ్వరు. యాభై నాలుగేళ్ళవాణ్ణి, ఇంకేం పని చేతనవును?

అదీ కాదు. నోరీన్ కోసం. ఆ బిళ్ళ, ఆ చలికాలం, ఇవన్నీ ఆమె తలకి చుట్టుకుంటాయి. ఆమెకెందుకా బాధ.

డిసెంబర్ 11

జాబితా ఇచ్చాను. వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివింది.

"పదకొండు దెబ్బలు డాక్టర్ పుస్తకంలో ఎందుకు లేవన్నయ్యా?"

"టూహీ సంగతి తెలుసుగా. బద్ధకిష్టి."

"నువ్వొచ్చి చెప్పు, పద్నాలుగున. సంతకం లేని కాగితాన్ని ఎవరు నమ్ముతారు?"

సరే అన్నాను. చెప్తాను. కాగితం మీద కష్టం గానీ నోటితో సులువే.

డిసెంబర్ 14, మంగళవారం

కమిటీ బల్లకి అటు ముగ్గురు. మధ్యలో మిసెస్ ప్రెండర్‌గాస్ట్, ముత్యాల గొలుసు, మెడకంటే గొలుసే లావు. టూహీ ఉత్తరం పైకి చదివింది: మద్యం అలవాటున్న మనిషి, ఎన్నోసార్లు స్వయంగా చూశాను. తర్వాత సభవాళ్ళ కాగితం: ఏడేళ్ళుగా క్రమం తప్పకుండా వస్తున్నాడు. బావ ఒప్పుకోలుకి బావే సాక్షి.

"మిస్టర్ హెఫర్నన్, ఈ పదకొండు దెబ్బలు ఎక్కడా నమోదు కాలేదు. మీరు అక్కడే ఉన్నారు. ఎందుకు కాలేదు?" అని నన్నడిగింది.

నోరీన్ నా చొక్కా చెయ్యి పట్టుకుంది. మాట నాలిక మీదే ఉంది. దేవుడి తోడు, ఉంది.

అప్పుడు బల్ల చివరున్న ముసలాయన కళ్ళజోడు సవరించుకున్నాడు. "నువ్వు కాన్ హెఫర్నన్‌వి కదూ? ఓసారి బిషప్ గారి టోపీలో కప్పని పెట్టింది నువ్వేనా?"

"అది కప్ప కాదు సార్," అన్నాను. "రెండు కప్పలు. ఒకటి ఇంకా దొరకలేదు."

నవ్వారు. అడిగారు, చెప్పాను. బిషప్ ఎలా గెంతాడో లేచి చేసి చూపించాను. మిసెస్ ప్రెండర్‌గాస్ట్ రుమాలుతో కళ్ళు ఒత్తుకుంది. నా ఒంట్లోకి ప్రాణం వచ్చింది, చేపని నీళ్ళలో వదిలినట్టు.

"సరే, నా ప్రశ్న," అంది ఆవిడ, ఇంకా నవ్వుతూనే.

"ఏం చెప్పమంటారు మేడమ్. మా బావ పుస్తకంలోకి ఎక్కేంత నిలకడగా ఎప్పుడు నిలబడ్డాడు గనక?"

మళ్ళీ నవ్వారు. ముగ్గురూ.

నోరీన్ చెయ్యి ఎప్పుడు తీసేసిందో నేను చూడలేదు. కార్లో ఇంటిదాకా దింపాను. దిగేటప్పుడు, "బాగా నవ్వించావు," అంది.

డిసెంబర్ 15

మెడ పట్టేసింది. చలి.

డిసెంబర్ 22

గోబ్నెట్ హౌస్ ఉత్తరం వచ్చిందట. కాదన్నారు. ఆ గది ఉత్తరాది జాకీకి ఎవరికో ఇచ్చారు. అతని పుస్తకంలో తొమ్మిది దెబ్బలున్నాయట. అదృష్టవంతుడు.

డిసెంబర్ 25

నోరీన్ భోజనానికి పిలవలేదు. బాతు ఒక్కణ్ణే తిన్నాను.

జనవరి 11, 2011, మంగళవారం

మొన్న గురువారం మధ్యాహ్నం డోనీ పాత స్వారీ ప్యాంటు తొడుక్కుని రోడ్డు దాటి పోయాడు. పక్కవాళ్ళ పశువుల గేటు చూసి, పరిగెత్తుకెళ్ళి దూకాడు. కాళ్ళు అటు, తల ఇటు. పదిహేనోది. జాబితాలో కలపలేదు. అది కంచె కాదు, గేటు. పైగా గుర్రం లేదు.

ఇక తన వల్ల కాదంది నోరీన్. తుంటి నొప్పితో ఆమే కుంటుతోంది. ఇవాళ పాత వార్డుకి తీసుకెళ్ళాం. కారు నేను నడిపాను. "మొదటి పందెం ఎన్నింటికి?" అని బావ దారంతా అడుగుతూ వచ్చాడు.

మంచం గోడ పక్కన. కిటికీలోంచి బాయిలరు గది కనిపిస్తుంది. నర్సు పేరు షైనీ, కేరళ పిల్ల, మెత్తటి గొంతు. అట్ట మీద కాగితం పెట్టుకుని అడుగుతోంది. పేరు. వయసు. మందులు. నిద్ర పడుతుందా.

"తాగుడు అలవాటుందా?"

"ఉండేది," అంది నోరీన్.

"ఎన్నేళ్ళు?"

"పన్నెండు."

అప్పుడు అనేశాను. అక్కడ కమిటీ లేదు. లైసెన్సు అడిగేవాళ్ళు లేరు. గది ఎలాగూ ఇంకొకడికి పోయింది. అందుకే వచ్చిందేమో నోటి వెంట.

"ఒక్క చుక్క ముట్టలేదమ్మా. తలకి దెబ్బ తగిలినప్పుడల్లా తాగాడని డాక్టర్‌కి చెప్పింది నేను. కాలరుకి పూసింది నేను. సీసా సంచీలో పెట్టింది కూడా నేనే."

షైనీ పెన్ను ఆగింది. నోరీన్ వైపు చూసింది.

"మా అన్నయ్య," అంది నోరీన్. "చిన్నప్పటి నుంచీ ఇంతే. మా అమ్మ శవపేటిక దగ్గర కూడా నవ్వించాడు. మీరు రాసుకోండమ్మా."

"నోరీన్, ఇది నిజంగా నిజం."

"ఈ ఒక్కరోజూ వద్దు అన్నయ్యా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

మంచం మీంచి డోనీ నా చెయ్యి తట్టాడు, గుర్రం మెడ తట్టినట్టు.

"తాగేవాణ్ణమ్మా," అన్నాడు నర్సుతో, తల వంచుకుని. "మా బావ మంచోడు. నా కోసం ఎప్పుడూ ఇలాగే అబద్ధమాడతాడు. మీరు నమ్మకండి."

షైనీ పన్నెండు అని రాసుకుంది.

నేను రెండోసారి చెప్పలేదు.